ఇత్తడి బిళ్ల

గోదావరిఖని కాలేజీలో మా బోటనీ మేడం వైరస్ పాఠానికి తన భర్త డ్యూటీ బిళ్ల తెచ్చారు. బొగ్గుబాయిలోకి దిగేముందు ఆ ఇత్తడి బిళ్ల ఇస్తేనే దీపం ఇచ్చి లోపలికి పంపుతారు. దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి చెప్పారు.

“వైరస్ అంటే పైన ప్రోటీన్ తొడుగు, లోపల జన్యువులు. అంతే. తొడుగు మీది ముళ్లు గీ బిళ్ల లెక్క. కణం బిళ్ల చూస్తది, మొఖం చూడదు. లోపలికి రానిస్తది. ఇంక ఆ జన్యువులు చెప్పినట్టు కణమే కొత్త వైరస్‌లను తయారుచేస్తది.”

తర్వాత కరోనాలో మేడం భర్త పోయారు. కాలేజీ తెరిచాక, పరీక్షల ముందు మేడం అదే పాఠం మళ్లీ చెబుతూ ఖాళీ వేళ్లు పైకెత్తారు.

“బిళ్ల ఏది మేడం?” అన్నాను.

“బాయోళ్లు వాపస్ తీసుకున్నరు.”

చెయ్యి దించలేదు.

“కణం బిళ్ల చూస్తది, మొఖం చూడదు. రాసుకోండ్రి.”