బాబాయి కట్టిన సోలార్ బేలు

మా జయపాల్ బాబాయి కంటపడిన వస్తువేదైనా సరే, కాసేపట్లో దేనికో ఒకదానికి కట్టేసి ఉంటుంది. బాల్చీ కుళాయికి, కుర్చీ గుంజకి, గోడ మీది క్యాలెండరు పైనా కిందా రెండు మేకులకి. నెల మారినప్పుడు కాగితం తిప్పాలంటే ముందు ముడి విప్పాలి. ఆ ముడి విప్పే ఓపిక ఎవరికీ లేక, వాళ్ళింట్లో ఎప్పుడూ వెనకటి నెలే నడుస్తుంటుంది.

ముప్పై ఏళ్ళు ఆయన జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ళకు, అంటే మిషనులో నొక్కిన పత్తి మూటలకు, కట్లు కట్టాడు. మిల్లు మానేశాడు గానీ చేతులు మానలేదు. లుంగీ మడతలో ఎప్పుడూ రెండు బారల తాడు ఉంటుంది. చర్చికి వెళ్ళేటప్పుడు అది ప్యాంటు జేబులోకి మారుతుంది.

మా ఏసుబాబు అన్నయ్య పెళ్ళిలో గాలి వీస్తోందని, షామియానా గుంజని దగ్గర్లో ఉన్న బరువైన వస్తువుకి కట్టాడు. ఆ వస్తువు పెళ్ళికొడుకు కూర్చోవాల్సిన సోఫా. ఫొటోగ్రాఫరు సోఫాని ఇటు జరపమన్నాడు. షామియానా వచ్చి పాస్టరుగారి మీద పడింది.

"ఏంది బాబాయ్ ఇది!" అని అన్నయ్య ఏడుపు మొహం పెట్టాడు.

"సోఫా జరిపినోణ్ణి అడగరా. నా ముడి ఊడిందా? చూసుకో!"

చూశాం. గుంజ విరిగింది, గుడ్డ చిరిగింది, ముడి మాత్రం ఊడలేదు.

నేను గుంటూరులో ఒక సోలార్ కంపెనీలో పనిచేస్తాను. డాబాల మీద ప్యానెళ్ళు బిగించడం నా ఉద్యోగం. నిరుడు బాబాయి ఇంటికే బిగించాల్సి వచ్చింది. అదేమీ సంతోషంగా చేసిన పని కాదు. శాంతి పిన్ని ఇరవై ఏళ్ళు మిరపకాయలకు తొడిమలు తీసింది. ఆ ఘాటు, ఆ దుమ్ము ఆవిడ ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయాయి. ఇప్పుడు ముక్కుకి గొట్టం పెట్టుకుని రోజంతా ఆక్సిజన్ మిషను పక్కనే ఉండాలి. మిషనుకి కరెంటు కావాలి. మా ఊళ్ళో నాలుగు చినుకులు పడితే కరెంటు ఉండదు. చిన్న సిలిండరు ఒకటి ఉంది గానీ అది రెండు గంటలకి మించి రాదు.

కరెంటు పోయినప్పుడల్లా బాబాయి విసనకర్ర పట్టుకుని ఎదురుగా కూర్చుని, "ఊపిరాడతందా?" అని నిమిషానికోసారి అడిగేవాడు. జవాబు చెప్పేంత ఊపిరి పిన్నికి ఉండేది కాదు. ఆ గదిలో కూర్చోవడం నా వల్ల అయ్యేది కాదు.

సరే, ఆరు ప్యానెళ్ళు, ఒక బ్యాటరీ. పని జరిగినంతసేపూ బాబాయి దిగులు మొహంతో డాబా మీద నా వెనకాలే తిరిగాడు.

"ఆరాధనా, ఇయ్యి గాలికి లేచిపోతయ్యే."

"బోల్టులేశాం బాబాయ్. స్లాబులోకి దిగినయ్యి. కదలవు."

"స్లాబు లోపల ఆ బోల్టు ఏం చేస్తందో నువ్వు చూశావా? ముడైతే పైకి కనపడిద్ది!"

కింద నుంచి పిన్ని గొంతు వినిపించింది. "అమ్మాయ్... దిగి రా... కాసేపుంటే... నిన్ను కూడా కట్టేస్తాడు."

వారం తిరక్కుండా నా ఫోనులో లెక్క తేడా వచ్చింది. ఆ డాబా మీద పుట్టాల్సిన కరెంటులో సగం కూడా పుట్టడం లేదు. బ్యాటరీ నిండటం లేదు. పరుగున వచ్చి డాబా ఎక్కాను. ఆరు ప్యానెళ్ళనీ కలిపి అచ్చం పత్తి బేలు కట్టేశాడు. వెడల్పాటి నవారు పట్టీలు, అడ్డంగా ఎనిమిది, నిలువుగా నాలుగు. ఎండ పడాల్సిన చోటల్లా పట్టీల నీడే.

"బాబాయ్! నీడ పడితే కరెంటు పుట్టదని చెప్పానా లేదా?"

"ఇంత పట్టీకి ఎంత నీడమ్మా? సూర్యుడు అంత పెద్దోడు, ఆ మాత్రం సర్దుకోడా?"

"సర్దుకోడు. పిన్ని మిషను ఆగుద్ది."

బాబాయి మొహం నల్లబడింది. నేను కత్తెర తీస్తే, కొయ్యొద్దని నా చెయ్యి పట్టుకుని ఆపి, ఒక్కొక్క ముడీ తనే విప్పాడు. నాకు జాలేసింది. నీడ పడకుండా ఫ్రేము కాళ్ళకి మాత్రం నాలుగు తాళ్ళు కట్టుకోమన్నాను. పధ్నాలుగు కట్టాడు.

నవంబరులో తుఫాను వార్త వచ్చింది. చేలో పత్తి విచ్చుకుని ఉంది, మిరప పూత మీదుంది. ఊరు ఊరంతా ఆకాశం వంక చూస్తోంది. నేను ఆ పొద్దున్నే వచ్చి బోల్టులన్నీ ఇంకోసారి బిగించాను. పదింటికల్లా కరెంటు పోయింది. మిషను బ్యాటరీ మీద నడవసాగింది. మధ్యాహ్నానికి గాలి తలుపుల్ని కొట్టడం మొదలుపెట్టింది. చూస్తే ఇంట్లో బాబాయి లేడు.

డాబా ఎక్కాను. ఫ్రేములు కటకటమంటున్నాయి. వాటికి ఒక్క తాడు లేదు! బట్టలారేసే తాడూ లేదు. బాల్చీ దొర్లుతోంది. ఇన్నేళ్ళూ అక్కర్లేని వస్తువులన్నీ కట్టిన మనిషి, అవసరమైన ఒక్కరోజున అన్నీ విప్పేసి ఎటో పోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు వీధికి అవతల నస్రత్ వాళ్ళ రేకుల కప్పు మీద ఏదో కదిలింది. వానలో బోర్లా పడుకుని, రేకుల మీదుగా తాడు లాగుతూ బాబాయి. నస్రత్ మొగుడు సుభానీ లారీ డ్రైవరు, ఎక్కడో ఒరిస్సాలో ఉన్నాడు. కింద నస్రత్ ఒక చంకన పిల్లని ఎత్తుకుని, రెండో చేత్తో తాడు కొస పట్టుకుని నిలబడి ఉంది.

"బాబాయ్! మన ప్యానెళ్ళు!" అని అరిచాను.

"వాటికి నీ బోల్టులున్నయ్యిగా! ఈ పిల్లకి బోల్టుల్లేవు!" అని ఆయన కూడా అరిచాడు.

కిందికి దిగి పిన్ని దగ్గర ఏడ్చినంత పని చేశాను. పిన్ని నా చెయ్యి పట్టుకుంది.

"నేనే పొమ్మన్నా... ఆయన చిన్నప్పుడు... తుఫానుకి పాక కప్పు లేచిపోయింది. చంటి చెల్లెలు... వానలో తడిసి... జొరమొచ్చి పోయింది. చుట్టూ ఇళ్ళున్నయ్యి... ఎవరి కప్పు వాళ్ళు పట్టుకున్నారంట." కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "ప్రతి తుఫానుకీ... ఎవరో ఒకళ్ళ కప్పు కట్టొస్తాడు. ఇంట్లో కట్టేదంతా... చెయ్యి అలవాటు తప్పకుండా."

నేను గోడ వంక చూశాను. క్యాలెండరు కింది తాడు కూడా పట్టుకుపోయాడు. కాగితాలు గాలికి తిరిగి, ఆ ఇంట్లో మొదటిసారి సరైన నెల కనిపిస్తోంది.

చీకటి పడే వేళకి గాలి తగ్గింది. తెల్లారి ఎండ వచ్చింది గానీ ఎవరికీ సంతోషం లేదు. పత్తి నేలపాలైంది, మిరపచేలల్లో నీళ్ళు నిలిచాయి. చర్చి వెనక షెడ్డు రేకులు లేచి తలో దిక్కునా పడ్డాయి. నస్రత్ కప్పు మాత్రం ఉంది. మా ప్యానెళ్ళూ ఉన్నాయి. నాలుగు రోజులు ఊరికి కరెంటు రాలేదు. పిన్ని మిషను ఆగలేదు.

"చూశావా బాబాయ్, బోల్టులు?"

"ఏదోలే, ఈసారి గాలి కాస్త మెత్తగా వచ్చింది," అన్నాడు ఆయన దిగులుగా.

ఐదో రోజు గుంటూరు బయల్దేరాను. స్కూటీ స్టార్టయింది గానీ ముందుకు కదల్లేదు. దిగి చూస్తే వెనక చక్రం వరండా గుంజకి కట్టేసి ఉంది. తాళ్ళన్నీ ఇంకా నస్రత్ కప్పు మీదే ఉన్నాయి కదా, గోడ మీద ఆరేసిన నా చున్నీతో కట్టాడు.

"రోడ్డంతా బురదగా ఉంది. రేపెళ్దువుగాన్లే," అన్నాడు బాబాయి ఎటో చూస్తూ. లోపల్నుంచి పిన్ని దగ్గుతూ నవ్వుతోంది.

ఆ ముడి విప్పడం నాకు చేతకాలేదు. నిజం చెప్పాలంటే పెద్దగా ప్రయత్నించలేదు కూడా.