దబ్బనంతో కుట్టిన ఆఖరి అధ్యాయం

ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరుగానీ, ఆ కాలంలో మా ఆర్మూరులో ఒకే ఒక్క డిటెక్టివ్ నవలను చేతులు మార్చుకుంటూ నెలల తరబడి చదివేవాళ్ళం. అరవైల తొలినాళ్ళు. పసుపు మార్కెట్టులో ఓ కమీషన్ అడ్తి దుకాణంలో నాకు కొత్తగా గుమాస్తా కొలువు. వేళ్ళు పసుపు, చొక్కా పసుపు, చివరికి తుమ్మినా పసుపే. ఆ బతుకులో నాకున్న ఏకైక వైభవం, ఆదివారం పొద్దున సార్ ఇంటి అరుగు మీద కూడే పుస్తక సంఘం. సార్ హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. మిగతావాళ్ళమంతా మార్కెట్టు మనుషులం. పుస్తకం ఒక్కటే కాబట్టి వంతులవారీగా చదవాలి. ముందు చదివినవాడు హంతకుడి పేరు చెప్పేస్తే తర్వాతివాడి గతేం కాను? అందుకని ఆఖరి అధ్యాయాన్ని పసుపు బస్తా మూతి కుట్టినట్టు దబ్బనంతో, సుతిలి తాడుతో కుట్టేసేవాళ్ళం. అందరి వంతూ అయ్యాక, ఎవరి అనుమానం వాళ్ళు చెప్పుకున్నాక, సార్ ఆ కుట్టు విప్పి పైకి చదవాలి. అంతకుముందే విప్పినవాడికి సంఘంలో చోటు లేదు.

ఆ నవల ఆఖరున నా వంతుకు వచ్చింది. చదివి గురువారం సార్ ఇంట్లో ఇచ్చేసి, ఆదివారం తల నున్నగా దువ్వుకుని వెళ్ళాను. డాక్టరే చంపాడని ఒకరు, కాదు తమ్ముడని ఒకరు గొంతులు చించుకున్నారు. (నేను అనుమానం వంటవాడి మీద పెట్టుకున్నాను. పాపం, అతడు మూడో అధ్యాయంలోనే చచ్చిపోయిన సంగతి మరిచాను.) సార్ కుట్టు విప్పారు. లోపలి పేజీ మీద పసుపచ్చటి బొటనవేలి ముద్ర!

"ఎవల్దిరా గిది?" అన్నారు సార్. అందరూ నా వేళ్ళకేసి చూశారు.

"నేను గాదు సార్! మార్కెట్ల ఎవని వేలు చూసినా పసుపేనాయె."

"ఆఖర్ల నీ దగ్గర్నే ఉండె గద. వచ్చే ఐతారం సంది నువ్వు రాకు."

ఆ ఆదివారాలు కూడా పోతే నాకిక మిగిలేది ఒట్టి పసుపు దుమ్మే. లేచి చెప్పులు వెతుక్కుంటుంటే సార్ భార్య చాయ్ తీసుకుని వచ్చింది. మేమంతా ఆమెను అక్కా అనేవాళ్ళం.

"పోరన్ని ఊకె ఎందుకంటున్నరు? గది నా వేలు. శుక్రారం ఇంటి కడపకు పసుపు రాసుకుంట జర సదివిన. మల్ల కుట్టిన గూడ."

"నువ్వెందుకు సదివినవ్?" అన్నారు సార్, నోరు తెరిచి.

"మీరంత గీడ గూసోని ఖూనీ ఖూనీ అని ఒర్రుతుంటె లోపట నా కూర మాడుతున్నది. నీకెవలి మీద అనుమానమని నన్ను అడిగినోడు ఒక్కడు లేడు. ఎవలు చంపిండ్రో చెప్పాల్నా?"

"వద్దక్కా!" అని అందరం చెవులు మూసుకున్నాం. నియమం ప్రకారం తీసేయాల్సింది ఆమెను. కానీ సంఘంలో చేర్చుకుంటే కదా తీసేయడానికి! సార్ లేచి తన కుర్చీ ఆమెకు జరిపారు. ఆఖరి అధ్యాయం అక్కే చదివింది. హంతకుడి పేరు దగ్గర ఆగి, తీరిగ్గా చాయ్ తాగి, మా మొహాలన్నీ ఒకసారి చూసుకుని, అప్పుడు చెప్పింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి నవలకూ దబ్బనం ఆమె చేతిలోనే ఉండేది.

ఆ హంతకుడెవరో ఇప్పుడు ఎంత గింజుకున్నా గుర్తురాదు. ఆ పేరు కోసం వెలి పడబోయినవాణ్ణి! మొన్న మనవరాలు అడిగితే నవ్వి ఊరుకున్నాను. చెప్పగలిగింది అక్క ఒక్కతే, ఆమె లేదు. అయినా కొత్త పుస్తకం చేతికొస్తే ఇప్పటికీ ముందు ఆఖరి పేజీలు తెరిచి, ఎక్కడైనా పసుపచ్చటి వేలిముద్ర ఉందేమోనని వెతుక్కుంటాను. చదవను సుమా, చూస్తానంతే.