డబ్బు ముట్టని నెల

ఆ రోజుల్లో డబ్బంటే నాకు ఎంత చులకనో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. వేళకి అన్నం వడ్డించే అమ్మ, నెల మొదట్లో జీతం తెచ్చే నాన్న ఉన్నవాళ్లకి మాత్రమే ఆ చులకన కుదురుతుందని తెలిసే వయసు కాదది. బీఏ పూర్తయింది, ఇరవయ్యొకటి నిండింది, ఇక ప్రపంచాన్ని సరిచెయ్యడమే తరువాయి అనుకునేదాన్ని. విజయనగరం వైపు నుంచి వచ్చి రాయపూర్‌లో స్థిరపడ్డ కుటుంబం మాది. నాన్న ధర్సీవా దారిలో ఉన్న ఒక ఇనుప కార్ఖానాలో స్టోర్‌కీపరు. దేవేంద్ర నగర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. అప్పట్లోనే ఊరి పక్కనున్న మందిర్ హసౌద్‌లో ఒక చిన్న ప్రైవేటు బడి వాళ్లకి టీచరు కావాలని తెలిసింది. వెళ్తానన్నాను. నాన్న పేపరు మడిచి, "మనకేటి తక్కువ? నీ జీతం మీద బతకాలా మనం?" అన్నారు. జీతం కోసం కాదు నాన్నా, డబ్బంటే నాకసలు లెక్కే లేదు అన్నాను. (ఇంత గొప్ప మాట అన్నప్పుడు ఎదుటివాళ్లు నోరు మూసుకోవాలి. మా నాన్న మూసుకోలేదు.) అయితే నెల రోజులు పైసా ముట్టకుండా బతికి చూపించు, అప్పుడు పంపిస్తాను అన్నారు. సరేనన్నాను. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, ఇద్దరికీ దేవుడు ఒకే రకం మొండితనం ఇచ్చాడని చెప్పి మళ్లీ లోపలికెళ్లిపోయింది.

మొదటి వారం నాదే రాజ్యం. మర్మరాలమ్మే ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని వీధిలోకి వచ్చేది. ఇక్కడి వాళ్లు ఆవిడకి డబ్బులివ్వరు, ఒక గిన్నెడు బియ్యం పోస్తే రెండు గిన్నెలు మర్మరాలు కొలిచి పోస్తుంది. చూశారా, ఇదీ అసలైన సమాజం అని నేను రోజూ ఉపన్యాసం ఇస్తూ, రోజూ గిన్నెడు బియ్యం పోస్తూ, రోజూ మర్మరాలు తిన్నాను. ఆరో రోజున అమ్మ బియ్యం డబ్బా ఊపి చూసి, "ఈ బియ్యం ఏటి, చెట్టున కాసాయనుకున్నావా?" అంది. డబ్బాకి తాళం పడింది. నా పట్టుదల మాత్రం ఇంకో మెట్టెక్కింది. దర్జీ నా జాకెట్టు కుట్టినందుకు వాళ్ల పిల్లాడికి ఎక్కాలు చెప్పాను. వారం తిరిగేసరికి ఆ పిల్లాడి వెనక వాళ్ల పిన్ని పిల్లలు ముగ్గురు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. ఒక్క జాకెట్టుకి నలుగురా అని అడగడానికి మొహమాటం. డబ్బిచ్చేసి ఉంటే జాకెట్టు తెచ్చుకుని దర్జీ మొహం మళ్లీ దీపావళికి చూసేదాన్ని.

అసలు కథ గమ్ఛా కాకాది. మా సందు మొగన రిక్షా నిలబెట్టుకుని, తలకి ఎర్ర తువ్వాలు, ఇక్కడి మాటలో గమ్ఛా, చుట్టుకుని ఉండే పెద్దాయన. లైబ్రరీకి తీసుకెళ్తే నీకు ఉత్తరాలు రాసి పెడతాను, డబ్బులివ్వను అన్నాను. ఆయన నన్ను తేరిపార చూసి, "తోర్ కర పైసా నయీ హే కా, నోనీ?" అన్నాడు. నీ దగ్గర డబ్బుల్లేవా తల్లీ అని అడగడం. లేకేం, ఉన్నా ముట్టను అని నా సిద్ధాంతం మొత్తం హిందీలో వివరించాను. ఆయన ఓపిగ్గా విని, మరి టైరుకి గాలి కొట్టేవాడు ఉత్తరం తీసుకుంటాడా అని అడిగాడు. ఆ ప్రశ్న విననట్టు నటించి రిక్షా ఎక్కాను. మొదటి ఉత్తరం ఊళ్లో ఉన్న తమ్ముడికి, ఎద్దు బాగుందా అని. రెండోది, ఎద్దు అమ్ముతావా అని. నాలుగో ఉత్తరానికి అన్నదమ్ములిద్దరూ ఎద్దు మీద పోట్లాడుకుంటున్నారు, మధ్యలో దస్తూరీ నాది. (కోపంతో ఉన్న మాటల్ని నేను కొంచెం మెత్తబరిచి రాసేదాన్ని. అది నా సొంత సేవ.)

ఇరవై ఆరో రోజున బడివాళ్లు మాట్లాడడానికి రమ్మన్నారు. నాన్న పొద్దున్న డ్యూటీకి వెంటనే వెళ్లకుండా గుమ్మంలో చెప్పులు చాలాసేపు తొడుక్కున్నారు. నేను అటు చూడలేదు. కాకా బస్టాండు దాకా దింపాడు. మందిర్ హసౌద్ బస్సు దగ్గర కండక్టరు టిక్కెట్టన్నాడు. ఉత్తరాలు రాస్తాననీ, పిల్లలుంటే పాఠాలు చెప్తాననీ అన్నాను. బస్సులో సగం మంది కిటికీల్లోంచి మెడలు చాచారు. కండక్టరుకి కోపం కూడా రాలేదు, ఒంట్లో బాగోలేని మనిషిని చూసినట్టు చూసి పక్కకి జరగమన్నాడు. ఎండలో నిలబడ్డాను. ఏడుపొచ్చింది. ఏడవలేదు గాని, వచ్చింది. పన్నెండు గంటలకి రమ్మన్నారు, ఇదొక్కటే బస్సు, ఇది పోతే ఉద్యోగం పోతుంది. అప్పుడు, ఇంకా వెళ్లకుండా చూస్తున్న కాకా నా పక్కనుంచి వచ్చి, నడుం దగ్గరి మడతలోంచి నలిగిన నోట్లు తీసి కండక్టరు చేతిలో పెట్టాడు. వద్దు కాకా, నా ప్రతిజ్ఞ అన్నాను. "ముట్టనని ఒట్టేసుకుంది నువ్వు, నేను కాదుగా. బస్సెక్కు" అని హిందీలో కసిరాడు.

కిటికీ పక్కన కూర్చున్నాక తెలిసింది. బియ్యం నాన్న డబ్బువి. టిక్కెట్టు ఎండలో రిక్షా తొక్కిన కాకా డబ్బుది. నెలంతా నేను డబ్బు లేకుండా బతకలేదు, పక్కవాళ్ల డబ్బుతో బతికాను. ఆ నోట్లు ఆయనకి ఎన్ని సవారీలో లెక్కేస్తే దారంతా తల ఎత్తలేకపోయాను.

సాయంత్రం నాన్నతో, పైసా ముట్టలేదు గాని ఓడిపోయాను అని జరిగిందంతా చెప్పాను. ఆయన చొక్కా జేబులోంచి, పొద్దున్నే నా కోసం మడిచి పెట్టుకున్న బస్సు డబ్బులు తీసి చూపించారు. అడుగుతావేమోనని గుమ్మంలో నిలబడ్డానన్నారు. ఉద్యోగం సంగతేమిటన్నారు. ఇచ్చారన్నాను. జీతం? "అడిగాను నాన్నా. తక్కువన్నారు. పెంచమన్నాను, పెంచారు."

"అయితే వెళ్లు" అన్నారు. "గెలిచుంటే పంపేవాణ్ని కాదు. డబ్బక్కర్లేదనే మనిషి చేత ఊరంతా ఊరికే పని చేయించుకుంటుంది."

మొదటి జీతం రోజున బస్సు దిగి సరాసరి కాకా దగ్గరికెళ్లి టిక్కెట్టు డబ్బులిచ్చాను. వద్దంటాడనుకుని బతిమాలే మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన తీసుకుని, నడుం మడతలో దోపుకుని, మళ్లీ అందులోంచే ఒక రూపాయి తీసి నాకిచ్చాడు. తమ్ముడికి ఉత్తరం రాయాలట. ఇప్పుడు నేను నౌకరీ ఉన్నదాన్ని, ఊరికే రాయించుకోకూడదట. వద్దనబోయి ఆయన మొహం చూసి తీసుకున్నాను. రిక్షా సీటు మీదే కూర్చుని, ఈసారి ఒక్క మాటా మెత్తబరచకుండా, చెప్పింది చెప్పినట్టు రాశాను. రిటైరయ్యాక ఇప్పుడు ఎవరైనా నన్ను పిసినారి అంటే ఆ ఇరవయ్యొకటేళ్ల పిల్ల గుర్తొస్తుంది. బస్సు ముందు తలెత్తుకుని నిలబడ్డ దాన్ని చూస్తే నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది. దాని చేతిలో టిక్కెట్టు డబ్బులు పెట్టాలనిపిస్తుంది. తీసుకోదు, నాకు తెలుసు.