జమాల్ బాషా రూపాయి పెట్టె

జమాల్ బాషా మనుషుల్ని నమ్మేవాడు. దేవుణ్ణి నమ్మేవాడు. రైళ్లు సమయానికి వస్తాయని కూడా నమ్మేవాడు. రూపాయిని మాత్రం తన పెట్టెలో వేసి చూడందే నమ్మేవాడు కాదు.

ఈ మాట గుంతకల్లులో ఎవరిని అడిగినా చెబుతారు. అందరికన్నా ఎక్కువ చెప్పగలవాడు పాపన్న. బాషా కొట్టు పక్కనే అతని టీ అంగడి. ఇద్దరికీ పన్నెండేళ్ల స్నేహం. ఆ పన్నెండేళ్లూ తగువులే.

స్టేషన్లలో అణా వేసి పైకెక్కితే బరువు అచ్చయిన చీటీ పడే మిషన్లుంటాయి కదా, కంపెనీ జీతం మీద వాటిని బాగుచేయడం బాషా పని. జనం అణాకు బదులు వాటిలో వేయని వస్తువు లేదు. రేకు బిళ్లలు, చొక్కా గుండీలు, ఒకసారి ఎవరో పుణ్యాత్ముడు చింతగింజ కూడా వేశాడు. మిషన్ వాటిని పసిగట్టి బయటికి తోసేసే తీరు చూసి బాషా ముచ్చటపడిపోయాడు. ఆర్నెల్లు కష్టపడి టేకు చెక్కతో సొంతంగా ఒక పెట్టె చేశాడు.

అందులో రూపాయికి మూడు పరీక్షలు. మొదట ఒక కంత. అందులోంచి సరిగ్గా రూపాయంత బిళ్లే ముందుకు పోతుంది. తర్వాత వేలెడంత తక్కెడ. బిళ్ల తేలికదైతే అది వంగనే వంగదు. ఆఖరున అయస్కాంతం. అసలు రూపాయి నికెల్‌ది కాబట్టి అయస్కాంతం పక్కనుంచి పోతూ కాస్త అటు ఒరిగి కుడి గిన్నెలో పడుతుంది. సీసం రూపాయికి ఆ మమకారం ఉండదు. నేరుగా పోయి ఎడమ గిన్నెలో దబ్బుమని పడుతుంది.

"మనిషి మొహం చూసి మోసపోతాడప్పా. నా పెట్టెకు కండ్లే లేవు. ఇంగ ఎట్లా మోసపోతాది?" అనేవాడు బాషా.

కూతురి నిఖా రోజున చదివింపుల పళ్లెం పక్కనే పెట్టెను పెట్టుకుని కూర్చున్నాడు. పెద్ద బావమరిది చదివించిన అయిదు రూపాయల్లో ఒకటి ఎడమ గిన్నెలో పడింది. "బావా, ఇంకోటి ఇయ్యి" అన్నాడు బాషా, నిండు పెళ్లి పందిట్లో. ఆ బావమరిది రెండేళ్లు ఆ ఇంటి గడప తొక్కలేదు. భార్య షరీఫాబీ ఆ రెండేళ్లూ పెట్టె వైపు చూసినప్పుడల్లా పళ్లు నూరేది.

యాభై ఏడులో కొత్త పైసలు వచ్చినప్పుడు ఇంకా గొడవైంది. పెట్టె పక్కన అణాకూ, రెండణాల బేడకూ కంతలుండేవి. కొత్త పైసలు ఏ కంతకూ సరిపోక వరసగా ఎడమ గిన్నెలో పడ్డాయి.

"పాపన్నా! సర్కారే దొంగ దుడ్లు వదిలినాదప్పా!"

"ఏమప్పా, నీకు పిచ్చి పట్టినాదా? ముద్ర చూడు, ముద్ర!"

"ముద్ర ఎవురైనా వేస్తారు. పెట్టె వద్దంటాండాది."

ఎనిమిది రోజుల తర్వాత కొత్త కంతలు కోసి, అప్పుడు సర్కారును క్షమించాడు.

ఎవరెన్ని నవ్వుకున్నా, పెట్టె మాటకు బజారులో ఎదురు లేకపోయింది. రూపాయి మీద అనుమానం వస్తే విత్తనాల వ్యాపారి ఎర్రిస్వామి, "బాషా పెట్టె ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటా, పో" అనేవాడు. ఒక్క పాపన్నకే అది కంట్లో నలుసు. ఒకసారి అతని రూపాయిని పది మంది ముందు ఎడమ గిన్నెలోకి నెట్టింది మరి. అప్పట్నుంచి పెట్టె ఎప్పుడు తప్పు చేస్తుందా అని కాచుకుని కూర్చున్నాడు.

రెండేళ్లు చుక్క వాన లేక ఎండిన నేల మీద ఆ ఏడు విత్తడానికి సరిపడా మంచి పదును వాన ఒకటి పడింది. మరునాడు మధ్యాహ్నం మారెక్క అనే ఆమె కొంగులో మూటతో బాషా కొట్టుకు వచ్చి, బల్ల ముందు నేల మీద కూర్చుంది. మొగుడు లేడు. ఉన్నవి రెండెకరాలు, రెండు గొర్రెలు. ఆ గొర్రెలను పొద్దున సంతలో ముప్పై రూపాయలకు అమ్మింది.

"గొర్రెలు కొన్నోడు నోట్లిస్తానన్నాడన్నా. కాగితాలు చెదలు తింటాయి, బిళ్లలే ఇయ్యి అన్నా. నవ్వుకుంటా ఇచ్చినాడు. ఇప్పుడు చూస్తే ఎర్రిస్వామి మొగం చిట్లించి, పెట్టెలో వేసి తేపో అన్నాడు. పదును రెండు దినాలు గూడా నిలవదు. ఈ పొద్దు శనక్కాయ ఇత్తనం దొరక్కపోతే ఈ యేడు గూడా పోయినట్లే."

"భయపడాకమ్మా, ఇట్లియ్యి" అన్నాడు బాషా.

పాపన్న టీ గ్లాసుతో వాకిట్లో నిలబడి మూట వైపు చూశాడు. కొన్ని బిళ్లలు మసిబారిన సీసమని దూరం నుంచే తెలుస్తోంది. పాపం ఆమె, అనుకున్నాడు.

మొదటి రూపాయి కుడి గిన్నెలో పడింది. రెండోదీ కుడికే. మూడోది మబ్బు పట్టినట్లుంది. బాషా ఒకసారి గొంతు సవరించుకున్నాడు. లోపల ఏదో టక్కుమంది. అదీ కుడికే. ముప్పైకి ముప్పై కుడి గిన్నెలోనే పడ్డాయి. మారెక్క వాటిని కొంగులో కట్టుకుని, బాషా వైపు ఒక్కసారి చూసి, విత్తనాల అంగడికి పరుగెత్తింది.

పాపన్నకు పండగయింది.

"చిక్కినాది! నీ పెట్టె ఈ పొద్దు చిక్కినాది! సీసం బిళ్లలు కుడికి పడినాయి, నా కండ్లతో చూసినా!"

"పాపన్నా, మూత తియ్యాకు!"

అప్పటికే తీసేశాడు. లోపల పాత గుడ్డ మీద పదకొండు సీసం రూపాయలున్నాయి. పక్కన రూపాయలు దొంతరగా నిలిపే రేకు గొట్టం, దాదాపు ఖాళీగా ఉంది. గొట్టం అడుగు నుంచి ఒక తీగ బల్లలోంచి కిందికి దిగి, బాషా కాలి దగ్గర ఒక చెక్కకు కట్టి ఉంది. చెక్క తొక్కితే దొంగ బిళ్ల లోపలే ఉండిపోతుంది, గొట్టంలోని మంచి రూపాయి కుడి గిన్నెలోకి దూకుతుంది.

"ఈ మంచి రూపాయలు ఎవురివి?"

"నావే. జీతం."

"షరీఫాబీకి తెలుసునా?"

"మిషన్లలో చింతగింజలు పడితే కంపెనీ జీతం కోస్తాదని చెప్పినా."

పాపన్న మూత మెల్లగా మూసేశాడు. "మరి నా రూపాయికి యాల తొక్కలేదు?"

"నీకు అంగడి ఉండాది కదప్పా. ఆయమ్మకు రెండు గొర్రెలుండె. అవీ పాయె."

పాపన్నకు సిగ్గేసింది. ఇలాంటి వాడి తప్పు కోసమా ఇన్నాళ్లు కాచుకున్నాను అనుకున్నాడు.

"ఎవురికీ చెప్పాకు. తెలిస్తే జిల్లాలోని దొంగ రూపాయలన్నీ మూటలు కట్టుకుని ఈడికే వస్తాయి. నా బతుకు బజారున పడతాది" అని బతిమాలాడు బాషా. పాపన్న ఒట్టేశాడు. ఆ ఒట్టు నిలబెట్టుకోవడానికి, నోరు ఊరుకోక, రోజుకు నాలుగు టీలు అదనంగా తాగాల్సి వచ్చింది.

దీపావళి దాటాక మారెక్క మళ్లీ వచ్చింది. నెత్తి మీద పచ్చి శనక్కాయల గంప. దించి బల్ల కిందికి తోసింది.

"ఇదేందమ్మా?" అన్నాడు బాషా.

"నీ కాలికి."

బాషా మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఏ కాలు? ఏం కాలు?"

"కింద కూర్చున్నోళ్లకు నీ కాలు అగపడకుండా యాడికి పోతాదన్నా? పైన నిలబడే శెట్లకు గదా బల్ల అడ్డం. మా ఊర్లో అందరికీ తెలుసు. పక్కూరోళ్లకూ తెలుసు."

పాపన్న "నేను చెప్పలేదప్పా!" అని రెండు చేతులూ ఎత్తాడు. బాషా మాత్రం ఆలోచనలో పడ్డాడు. "అందరికీ తెలిస్తే మరి మూటలు కట్టుకుని ఎవురూ రాలేదేమి?"

"ఎట్లా వస్తారన్నా, సిగ్గుండదా? ఇప్పుడు సంతలో ఎవురు రూపాయి ఇచ్చినా ఆడనే పండ్లతో కొరికి చూసుకుంటాండాము. సీసమైతే మెత్తగా గాటు పడతాది. నీ కాలికి కొంచెం పని తగ్గల్ల గదా అని."

బాషా ఆ కాలిని మెల్లగా లుంగీ కిందికి లాక్కున్నాడు.