చప్పుడు లేని కారు

మా బావ కారు కొన్నాడని అక్క ఫోన్ చేసి చెప్పగానే నేను అడిగిన మొదటి మాట, "ఎవరు వదిలించుకున్నారక్కా?" అని.

"నోరు మూసుకుని వచ్చి చూడు," అంది. గొంతులో సంబరం దాచుకోవడం చేతకావడం లేదు పాపం.

వెళ్లి చూశాను. ఒకప్పుడు ఆకుపచ్చ రంగు అయ్యుంటుంది. ఎండకి వెలిసిపోయి, చొట్టలు పడ్డచోటల్లా ఎవరికి దొరికిన పచ్చ వాళ్లు పూసినట్టున్నారు. ముందు అద్దం మూల ఒక పగులు. సీట్లోంచి స్పాంజి బయటికి తొంగిచూస్తోంది. వెనక తలుపు ఒకటి బయటి నుంచి తప్ప తెరుచుకోదు. ఆ సంగతి మహానుభావుడు నేను ఎక్కి కూర్చున్నాక కూడా చెప్పలేదు. వీధి చుట్టూ తిప్పి తెచ్చి, తన మానాన తను దిగి ఇంట్లోకి వెళ్లిపోయాడు. నేను స్కూల్లో డ్రిల్లు మాస్టారిని. నా గొంతుకి మూడు వీధుల కుక్కలు లేస్తాయి. నా అరుపులకి పక్కింటివాళ్లందరూ బయటికొచ్చాక, అక్క నవ్వలేక చస్తూ వచ్చి తలుపు తీసింది.

"ఇనపసామాన్లవాడికి అమ్మెయ్, నాలుగు గిన్నెలైనా వస్తాయి," అన్నాను బావతో.

"నవ్వరా నవ్వు. వాన పడితే ముందు ఫోన్ చేసేది నువ్వే," అన్నాడు.

చేశాను మరి. నాకు సిగ్గెక్కడిది?

బావ మరమగ్గాల షెడ్డులో మేస్త్రీగా పనిచేశాడు. వంద మగ్గాలు ఒక్కసారిగా కొట్టుకునే చోట ఒకరి మాట ఒకరికి వినబడదు. అక్కడివాళ్లు పెదాలు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. జీవితమంతా అలా గడిపి రిటైరైన మనిషి, ఇంటికొచ్చి ఏం చెయ్యాలో తెలియక గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొద్దున్నా అంతే, సాయంత్రమూ అంతే. అన్నానికి లేపితే లేచేవాడు. అక్కకి అది చూసి గుండె తరుక్కుపోయేది. తను నర్సు. ఆసుపత్రి ఉద్యోగం అయిపోయాక ఇళ్లకు వెళ్లి పుళ్లకి కట్లు కట్టడం, ఇంజెక్షన్లు చెయ్యడం మొదలుపెట్టింది. భుజానికి సంచీ, బస్సులో నిలబడి ప్రయాణం, నడుస్తుంటే టకటకలాడే మోకాళ్లు. ఆ మోకాళ్ల కోసమే కారు కొన్నానని బావ అందరికీ చెప్పుకున్నాడు. అక్క కూడా అవునవునని తలూపింది. అసలు లేచి కూర్చోవడానికి ఆయనకే ఒక వంక కావలసి వచ్చిందని ఇద్దరికీ తెలుసు.

వంక బాగా పనిచేసింది. పొద్దున్నే లేచి బక్కెట్టూ గుడ్డా పట్టుకుని బయటికొచ్చేవాడు. అక్క ఏ ఇంటికి వెళ్తే ఆ ఇంటి ముందు నీడ చూసి కారాపి, ఆమె పని ముగిసేదాకా బానెట్టు ఎత్తి ఏదో ఒకటి బిగించుకుంటూ ఉండేవాడు. మధ్యాహ్నాలు కారులోనే డబ్బాలు విప్పి తినేవాళ్లు. వాన పడితే అద్దాలు ఎక్కించుకుని (ఒక అద్దం మాత్రం చేత్తో పైకి లాగి పట్టుకోవాలి) ఎక్కడికీ వెళ్లకుండా కూర్చునేవాళ్లట. "పెళ్లైన కొత్తలో కూడా ఇంతసేపు పక్కపక్కన కూర్చోలేదురా," అని అక్క నాతో అంటే, నేను కారుని తిట్టాను.

తిట్టడానికేం, కారణాలకి కొదవ లేదు. ఒక నెల రేడియేటరు, ఒక నెల క్లచ్చు. అక్క కొత్త ఫ్రిజ్ కొంటానంటూ దాచుకున్నది కాస్తా సైలెన్సరు కింద పోయింది. పాత సామాన్ల షెడ్లలో ఏదో ముక్క కోసం పొద్దంతా తిరిగి, దొరికితే పసిబిడ్డని ఎత్తుకొచ్చినట్టు గుడ్డలో చుట్టి తెచ్చుకునేవాడు బావ. ఆదివారం నాడు ఆయన్ని చూడాలంటే కారు కింద రెండు పాదాలు చూసి తృప్తిపడాలి. కొత్త కారున్నవాళ్లు అందులో కూర్చుని పాటలు వింటారు. పాత కారున్నవాళ్లు ఆ కారునే వింటూ కూర్చోవాలి. ఎక్కడ కొట్టుకుంటోంది, ఎక్కడ ఈలవేస్తోంది, నిన్నటిదా కొత్తదా, ఇంటిదాకా వస్తుందా రాదా అని. డబ్బు ఖర్చు కంటే అదే పెద్ద ఖర్చు అని నాకనిపించేది.

ఆ విద్యలో బావని కొట్టేవాడు లేడనుకున్నాం. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి పక్కకి తీసి ఆపేసేవాడు. "బెల్టు వదులైంది," అనేవాడు. దిగి చూస్తే నిజంగానే అయ్యుండేది. "పాము చెవులురా ఆయనవి," అని అక్క మురిసిపోయేది. నేనూ నమ్మాను.

ఆ మధ్య నా స్కూటరు మెకానిక్ దగ్గర పడుంటే స్కూలు దగ్గర దింపమని వాళ్ల కారెక్కాను. వీధి మలుపులో బావ బ్రేకు వేశాడు. అబ్బ! ఆ కీచుమనే అరుపుకి నా పళ్లు జివ్వుమన్నాయి. ఇనుముని ఇనుముతో గీకినట్టు. మళ్లీ మలుపు, మళ్లీ అదే అరుపు. రోడ్డు మీద పోయేవాళ్లు చెవులు మూసుకుంటున్నారు.

బావ మొహం మాత్రం వెలిగిపోతోంది. "చూశావా? చప్పుడే లేదు. నెల కిందట ఆయిలు మార్చినప్పటి నుంచీ ఇలాగే, నోట్లో నాలుక లేనిదానిలా ఉంది," అన్నాడు.

వేళాకోళమనుకుని నవ్వబోయాను. అక్క వెనక్కి తిరిగి నావైపు ఒక చూపు చూసింది. చిన్నప్పుడు నాన్నకి నా మార్కుల సంగతి తెలియకుండా ఉండడానికి చూసేదే, ఆ చూపు. వస్తున్న నవ్వుని దగ్గుగా మార్చేశాను.

సాయంత్రం వంటింట్లో నిలదీశాను.

"ఆయనకి వినబడదురా," అంది అక్క, స్టవ్వు వైపు తిరిగి. "కుక్కరు పక్కనే నిలబడతారు, అది కూస్తే తెలియదు. వెనక నుంచి పిలిస్తే పలకరు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి మాట్లాడేస్తారు. నాకే ఈమధ్య దాకా తెలియలేదు. నర్సునట నేను!"

నా మాటలకి ఆయన ఎప్పుడూ జవాబు చెప్పేవాడు గనక నాకు అనుమానమే రాలేదు. అవును, నా గొంతు శ్మశానంలో కూడా వినబడుతుంది.

"మరి చెప్పవేం?"

"చెబితే ఆ రోజే తాళాలు బీరువాలో పెట్టేస్తారు. మళ్లీ గోడవైపు తిరుగుతారు. ఈసారి లేవరు. నాకు భయంగా ఉందిరా."

"భయం సరే, వెనక ఎవరైనా హారన్ కొడితే?"

"మోకాలి మీద తడతాను. పక్కకి తీస్తారు."

"అక్కా, ఆ అరుపు నాకు మంచిగా అనిపించడం లేదు."

"పాత బండి అరవక పాడుతుందా?" అని కసిరింది. స్టవ్వు మంట తగ్గించి, "చప్పుడు లేదని ఎంత సంతోషపడుతున్నారో చూశావుగా. అందుకే నేనూ ఏమీ ఎరగనట్టే కూర్చుంటున్నా," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇదేం ప్రేమ, ఇద్దర్నీ ఏ లారీ కిందో పెట్టే ప్రేమ అని గట్టిగానే అరిచాను. చివరికి రాజీ కుదిరింది. శనివారం బావ క్షౌరానికి వెళ్లినప్పుడు నేను మెకానిక్‌ని ఇంటికి తీసుకురావాలి. అంతవరకూ మెల్లగా నడపమని అక్క చెప్పాలి. మెకానిక్కూ సరేనన్నాడు.

శనివారం రానేలేదు. శుక్రవారం పొద్దున అక్క ఎవరో పెద్దాయన కాలికి కట్టు మార్చడానికి బయల్దేరింది. నేనూ ఎక్కాను, స్కూటరు ఇంకా రాలేదు. ఆ ఇంటికి వెళ్లే దారి ఒకటే దిగుడు. సగం దిగాక బావ బ్రేకు తొక్కాడు. ఈసారి అరుపు కూడా లేదు. ఆయన పాదం నేలదాకా పోయింది. మళ్లీ తొక్కాడు. మళ్లీ నేలదాకా పోయింది.

కింద నాలుగు రోడ్లు కలుస్తాయి. బస్సులు అటూ ఇటూ పోతున్నాయి. నేను పెట్టిన కేక నాకే గుర్తులేదు. బావ గేరు తగ్గించాడు, హ్యాండ్‌బ్రేకు లాగాడు, కొత్తగా కడుతున్న ఒక ఇంటి ముందు పోసిన ఇసుక కుప్పలోకి కారుని నేరుగా ఎక్కించేశాడు.

అక్క కళ్లజోడు పగిలింది, నుదురు బొప్పి కట్టింది. నాకు మోచెయ్యి దోక్కుపోయింది. పనివాళ్లు పరిగెత్తుకొచ్చి మమ్మల్ని దింపి నీళ్లిచ్చారు. బావ నీళ్లు తాగలేదు. ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, టైరు మీద కారుతున్న బ్రేకు ఆయిలు చూశాడు. లోపలికి వేలు పెట్టి తడిమి చూశాడు. అంతా గాడులు పడి ఉంది.

"ఇంత అరిగేదాకా అరవకుండా ఉండదే," అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు.

ఇక నా వల్ల కాలేదు. ఆయన ఎదురుగా కూర్చుని, "అరిచింది బావా. నెల నుంచీ ఊరంతా వినేలా అరుస్తోంది," అన్నాను.

ఆయన నావైపు చూడలేదు. అక్కవైపు చూశాడు.

"మరి నువ్వు మొహం చిట్లించలేదేం?" అని అడిగాడు.

అక్కకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. బావ లేచి, కారులో డ్రైవరుకి ఎదురుగా ఉండే అద్దం చూపించాడు. అది వెనకనుంచి వచ్చే బండ్లవైపు తిరిగి లేదు. పక్క సీటువైపు తిరిగి ఉంది. అందులో కనబడేది అక్క మొహం ఒక్కటే.

"దడదడలైతే నాకు చేతులకి, కాళ్లకి తెలుస్తాయి. కీచుమనేవి తెలియవు. షెడ్డులో ఉండగానే పోయాయవి. కారు అరిస్తే నీకు నొసలు ముడిపడుతుంది, ఎడమపక్క. అది చూసి ఆపేవాణ్ణి. దిగి వెతుక్కునేవాణ్ణి, ఏదో ఒకటి దొరికేది." వేలితో ఆ అద్దాన్ని తాకాడు. "నెలైంది, నీ మొహం ఎంత ప్రశాంతంగా ఉందో. బండి బాగుపడిందనుకున్నాను."

అక్క ఇసుక మీద కూలబడింది. "నాకు చెప్పొచ్చు కదండీ!"

"చెబితే నా పక్కన ఎక్కవనుకున్నా."

"నేను చెబితే మీరు నడపడం మానేస్తారనుకున్నా!" అని అక్క ఏడుస్తూనే పిడికెడు ఇసుక తీసి ఆయన మీద విసిరింది. పనివాళ్లు మమ్మల్ని చూసి తలకి దెబ్బ తగిలిందనుకున్నారు. నాకు ఇద్దరి మీదా ఎంత కోపం వచ్చిందో, అంత ఏడుపూ వచ్చింది. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, ఒకే సంగతిని ఒకరి నుంచి ఒకరు దాచుకుని, ఒకరినొకరు కాపాడుకుంటున్నామనుకున్నారు. ఆమె ప్రేమగా నొసలు సాపు చేసుకున్నప్పుడల్లా ఆయనకి మిగిలిన ఒక్క చెవీ పోతూ వచ్చింది.

బావ తాళం తీసి అక్క చేతిలో పెట్టాడు. "ఇక నడపను," అన్నాడు.

అక్క భయపడ్డదే జరిగింది. కారు బాగై ఇంటికొచ్చింది గానీ ఆయన బయటికి రాలేదు. చెవుల డాక్టరు పరీక్షలన్నీ చేసి, సన్నటి శబ్దాలు పోయాయి, తిరిగి రావు అన్నాడు. ఒక మిషను పెట్టాడు. గదిలో పనికొస్తుంది, కారులో అంతా గోలే అని బావ తీసి డబ్బాలో పెట్టేశాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. అక్క మళ్లీ బస్సెక్కింది, నుదుటి మీద ప్లాస్టరుతో.

ఒక ఆదివారం ఆమె మంచం అవతలికి వెళ్లి, గోడకీ ఆయనకీ మధ్య ఇరుక్కుని నిలబడింది. ఆయనకి ఆమె మొహం చూడక తప్పలేదు.

"లేవండి. నాకు నేర్పండి."

"ఈ వయసులోనా?"

"ఈ మోకాళ్లతో బస్సెక్కే వయసు మాత్రమా ఇది?"

నేర్పాడు. ఆ నేర్పడం, ఆ నేర్చుకోవడం, వాళ్లు తిట్టుకున్న తిట్లు చెప్పాలంటే వేరే పుస్తకం రాయాలి. గేటు స్తంభం ఒకటి పోయింది. కారు మీద ఇంకో పచ్చ రంగు చేరింది. అయినా ఆరు నెలలకి అక్క లైసెన్సు పట్టుకొచ్చింది.

మొన్న నన్ను వెనక కూర్చోబెట్టుకుని వెళ్లారు. అక్క నడుపుతోంది. బావ పక్కన కూర్చున్నాడు. రోడ్డు రద్దీగా ఉంది. అక్క ముందుకే చూస్తూ, ఏదో ఒక మాట అంది. మామూలు మాట, గట్టిగా కూడా అనలేదు. అలవాటైన మనిషి పక్కనున్నప్పుడు నోట్లోంచి ఊరికే రాలిపడే రకం.

ఇదివరకైతే బావ తల ఊపేసేవాడు. కొంచెం నవ్వి, వినబడినట్టే ఉండేవాడు. ఇన్నేళ్లూ అలాగే నెట్టుకొచ్చాడు. ఈసారి తల ఊపలేదు. అక్కవైపు తిరిగాడు.

"నాకు వినబడలేదు. ఏమన్నావు?"

ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదలు.

"ఏం లేదులెండి" అనొచ్చు అక్క. ఎవరైనా అదే అంటాం, చిన్న మాటని మళ్లీ ఎవరు చెబుతారు? అక్క సిగ్నలు వేసింది, పక్కకి తీసింది, బండి ఆపింది. వెనకవాళ్లు హారన్లతో దుమ్మెత్తిపోస్తున్నారు. నేను కిటికీలోంచి తల బయటికి పెట్టి వాళ్ల మీద అరుస్తున్నాను. అక్క ఇవేవీ పట్టించుకోలేదు. ఆయనవైపు పూర్తిగా తిరిగి, నిదానంగా, ప్రతి అక్షరం కనబడేలా చెప్పింది.

"ఆ మూల ఇంటివాళ్లు కిటికీలకి నీలం రంగు వేశారు అన్నాను."

బావ వంగి, అక్క భుజం మీదుగా ఆ ఇంటిని చూశాడు.

"తెలుపే బాగుండేది," అన్నాడు.