మా మరిది బ్రెన్‌హోల్ట్ ప్రభువు

"ఆ ఉంగరం పంపొద్దే. మీ నాన్న వేలికి ఉన్నది నీది కాక ఇంకెవరిది?" అన్నాను.

"పెద్దమ్మా, ప్లీజ్. టైటిల్ ఎవరికి వెళ్తే రింగ్ వాళ్ళకే. డాడీ ప్రామిస్ చేయించుకున్నారు."

"టైటిలట! ఇంగ్లండులో కూర్చుని ఒక్కసారైనా చూడ్డానికి రాని దాయాదికా?"

"రూల్ అంతే. నేను అబ్బాయిని కాదు కదా."

మా లలిత తన తండ్రికి దహనం జరిపించి వచ్చిన సాయంత్రం, ఇక్కడ అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో వాళ్ళ అపార్ట్‌మెంట్ వంటగదిలో జరిగిన మాటలివి. నా చెల్లెలు శారద భర్త, మా ఇంగ్లీషు మరిది, ఇక లేరన్న వార్త నాకింకా మింగుడుపడడం లేదు. గుడి వాకిట్లో అందరి చెప్పులూ సర్దే తెల్ల అంకుల్‌గా ఇక్కడి తెలుగువారు ఆయనను ఎరుగుదురు. ఆయన బ్రెన్‌హోల్ట్ ప్రభువని తెలిసినవారు తక్కువ.

పూర్వం ఆ వంశంలో ఒకాయన యుద్ధంలో రాజుకు గుర్రాలు సమకూర్చి ఆ బిరుదు పొందారట. అది తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు లేకపోతే తమ్ముడికి, తమ్ముడూ లేకపోతే దాయాదికి. ఆడపిల్లకు మాత్రం రాదు. భూములు ఒక తరంలో జూదానికీ, కోటలాంటి ఇల్లు మరో తరంలో పన్నులకూ పోయాయి. మా మరిది వంతుకు మిగిలినవి పేరూ, వంశచిహ్నం చెక్కిన ఆ ఉంగరమూ.

ఆడంబరం ఎరుగని ఉత్తముడు. మోచేతి దగ్గర చిరిగిన స్వెటర్ తానే కుట్టుకుని తొడుక్కునేవారు. దుబారా అంటే నాకూ ఒళ్ళుమంటే అయినా, "ప్రభువులు కొత్తది కొనుక్కోరాదా?" అని ఎగతాళి చేశాను. శారద నేర్పిన తెలుగులో, "వదినగారూ, కొత్తవి కొన్న మా తాతల వల్లే కదా నేను అద్దె ఇంట్లో ఉన్నది!" అన్నారు.

గుడిలో గోత్రం అడిగితే "శారద భర్తని, అదే చదవండి" అనేవారు. శారద పోయాక కూడా అదే మాట.

ఆయన మంచాన పడ్డాక లలితే చెంచాతో గంజి తాగించింది. అది చూడలేక ఒకరోజు అడిగేశాను.

"ఆ ఉంగరం పిల్లకిచ్చెయ్యండి మరిదిగారూ."

"అది నాది కాదు వదినగారూ. నా దగ్గర ఉందంతే."

"మరి పిల్ల ఎవరిది?"

ఆయన వేలి మీది ఉంగరం అటూ ఇటూ తిప్పారు. తియ్యడం మాత్రం తియ్యలేదు. ధర్మం తప్పని మనిషని అందరూ అంటున్నారు, నేనూ అంటాను. ఆ ధర్మం మా పిల్లకు ఏమీ మిగల్చలేదని కూడా అంటాను. అయినా అటువంటి సౌమ్యమూర్తి మా గడపలో మళ్ళీ అడుగుపెట్టరు. ఆయనకు నా నమస్సులు.

మర్నాడు ఉదయం లలిత నన్ను కార్‌లో ఎక్కించుకుని పోస్టాఫీస్‌కి వెళ్ళింది. ఉంగరం ఉన్న చిన్న పెట్టె మీద దాయాది అడ్రస్ అంతా రాసి, పేరు దగ్గర ఆగింది. తండ్రి ప్రాణం పోయిన క్షణం నుంచే బిరుదు అతనిదట. చివరికి 'లార్డ్ బ్రెన్‌హోల్ట్' అని, మొన్నటిదాకా వాళ్ళ నాన్నదైన పేరే రాసి, కౌంటర్‌లో ఇచ్చేసింది.