లాండ్రీ రూమ్‌లో గజ్జెల చప్పుడు

నా చిన్నప్పుడు అని మొదలుపెట్టాలంటే తల నెరవాలంటారు. నాకింకా రెండు వెంట్రుకలే నెరిశాయి. అయినా ఆదివారం తెలుగు బడిలో పిల్లలంతా నన్ను ఆంటీ అంటున్నారు కాబట్టి ఆ అర్హత వచ్చేసిందనే అనుకుంటున్నాను.

అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో నేను నాలుగో తరగతి చదివే రోజుల్లో మా క్లాసంతా ఒకే పుస్తకాల వరస మీద పడి ఉండేది. మా చుట్టుపక్కల ఊళ్ల దయ్యాల కథలవి. ఏడాదికొకటి చొప్పున అప్పటికే ఇరవై దాటాయి. మూతపడిన రైల్వే స్టేషనూ, పాత పిండిమరా, కాలువ గట్టూ, ఎక్కడ చూసినా ఒక దయ్యం. ప్రతి కథ కిందా అది చెప్పినవాళ్ల పేరు, ఊరు అచ్చువేసేవారు. చివరి పేజీలో, మీ ఊరి కథ ఉంటే మాకు రాయండి అని ఉండేది. మా క్లాసులో ఒకమ్మాయి వాళ్ల తాత కథ అలా అచ్చయింది. ఆ పిల్ల ఆ పుస్తకాన్ని బ్యాగులో పెట్టేది కాదు, అందరికీ కనబడేలా చేత్తో పట్టుకుని తిరిగేది.

మా అపార్ట్‌మెంట్లకు ఒక్క దయ్యమైనా లేదు. అక్కడందరూ ప్రాజెక్టు అయిపోగానే ఇంకో రాష్ట్రానికి సామాను సర్దేవాళ్లే. చచ్చేదాకా ఎవరూ ఉండని చోట దయ్యాలెక్కణ్నుంచి వస్తాయి? అందుకని నేనే ఒకదాన్ని తయారుచేశాను. అందరూ బట్టలుతుక్కునే లాండ్రీ రూమ్‌లో, బట్టలారబెట్టే మూడో డ్రయర్ వెనకాల గజ్జెల చప్పుడు, ఒక ఆడమనిషి నీడ. ముందు స్కూల్ బస్సులో ఇద్దరు పిల్లలకు చెప్పి చూశాను. బాగా పండింది. ఆ ధైర్యంతో, వచ్చే పుస్తకంలో మా కథ వస్తుందని క్లాసులో ప్రకటించేశాను. రెండు వారాలు కూర్చుని ఉత్తరం రాసి, దిద్దిపెట్టమని పక్కింటి ఆంటీకి ఇచ్చాను.

అమ్మానాన్నలు ఆఫీసునుంచి వచ్చేదాకా నన్ను చూసుకునేది ఆవిడే. వరంగల్‌లో ఒక పత్రికకు రిపోర్టరుగా పనిచేసి, పెళ్లయ్యాక అంకుల్ వెంట డిపెండెంట్ వీసా మీద వచ్చారు. ఆ వీసా మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. అయినా ఆవిడ పర్సులో చిన్న నోట్‌బుక్కు, రెండు పెన్నులు ఎప్పుడూ ఉండేవి.

ఆంటీ ఉత్తరమంతా చదివారు. నవ్వలేదు.

"నువ్వు చూసినవా?"

"లేదు. విన్నాను."

"ఎవరు చెప్పిన్రు?"

"అందరూ అంటున్నారు ఆంటీ."

"అందరూ అనేటాయన ఏ అపార్ట్‌మెంట్ల ఉంటడు? నంబర్ చెప్పు, పోయి అడుగుదాం."

ఆవిడ కోప్పడలేదు. నోట్‌బుక్ నా చేతికిచ్చి ఇంటింటికీ వెళ్లమన్నారు. ఈ సంగతి తెలిసినవాళ్ల పేరు రాయాలి, వాళ్లకెవరు చెప్పారో పక్కన రాయాలి, మళ్లీ వాళ్లను అడగాలి. కళ్లారా చూసినవాళ్లు దొరికితే ఉత్తరం తనే పోస్ట్ చేస్తానన్నారు.

మూడు రోజులు స్కూలునుంచి రాగానే తిరిగాను. వింతేమిటంటే, అందరికీ తెలుసు! ఒక ఇంట్లో నా దయ్యం తెల్లచీర కట్టింది. ఎమ్మెస్ చదివే నలుగురు అన్నయ్యలుండే ఇంట్లో దానిది గుంటూరని తేలింది. ఇంకోచోట అది బట్టలు మడతపెట్టి మరీ పోతుందట. "అంత పనిమంతురాలైతే మా బిల్డింగ్‌కి కూడా పంపించమ్మా," అన్నారొక అంకుల్. మూడో రోజుకు నాకే అనుమానం వచ్చింది, నిజంగానే ఉందేమోనని. లాండ్రీ రూమ్ ముందునుంచి నడవడం మానేసి చుట్టూ తిరిగి వచ్చాను.

ఆంటీ నోట్‌బుక్కును భోజనాల బల్లమీద తెరిచి, ఎవరినుంచి ఎవరికో గీతలు గీయమన్నారు. అన్నయ్యలకు చెప్పింది పనిమంతురాలన్న అంకుల్, అంకుల్‌కి వాళ్లబ్బాయి, ఆ అబ్బాయికి స్కూల్ బస్సులో స్నేహితుడు. గీతలన్నీ వచ్చి వచ్చి ఒక ఖాళీ దగ్గర ఆగాయి. ఆంటీ పెన్ను నా ముందుకు జరిపారు. ఆ ఖాళీలో నా పేరు నేనే రాసుకున్నాను.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆవిడ వేలు ఇంకో లైను మీద ఆగింది. పక్క బిల్డింగ్ మూడో అంతస్తులో, అమెరికా వచ్చి నాలుగు నెలలైనా కాని ఒక ఆంటీ ఉండేవారు. కడుపుతో ఉన్నారు, ఏడో నెల. భయపడి లాండ్రీ రూమ్‌కి వెళ్లడం మానేసి, దుప్పట్లు కూడా బాత్‌టబ్‌లో చేత్తో ఉతుకుతున్నానని నాతో చెప్పారు. నేనది, భయపడినవారు ఒకరు అని గొప్పగా రాసుకొచ్చాను.

"గీమె సంగతేంది మరి?" అన్నారు ఆంటీ.

ఇద్దరం బయలుదేరాం. మెట్ల దగ్గర ఆవిడ ఆగిపోయారు. "తప్పు వార్త రాసినోళ్లే సవరణ ఇయ్యాలె. పో."

మూడంతస్తులు ఒక్కదాన్నే ఎక్కాను. తడిచేతులతోనే వచ్చి తలుపు తీశారావిడ.

"ఆంటీ, లాండ్రీ రూమ్‌లో దయ్యం లేదు. నేనే."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "నువ్వేనా తల్లీ దయ్యం?"

సంగతంతా చెప్పాక నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, "నా నడుం విరిగింది కదే పిల్లా!" అని తిట్టారు. తడి దుప్పట్ల బుట్ట నా చేతిలో పెట్టి, పద అన్నారు. మూడో డ్రయర్‌లోనే వేశాం.

మర్నాడు క్లాసులో మా దయ్యం అబద్ధమని చెప్పాను. కాసేపు గొడవగా నవ్వారు. తర్వాత ఉత్తరం మళ్లీ రాశాను. ఈసారి రాసింది ఆ దయ్యం ఎలా పుట్టిందో, ఏ ఇంట్లో చీర కట్టిందో, ఏ ఇంట్లో ఊరు సంపాదించిందో. తర్వాతి పుస్తకంలో అది ఒకటిన్నర పేజీ అచ్చయింది. నా పేరు పక్కన రిపోర్టర్ ఆంటీ పేరు కూడా వేయించాలని నేను అడిగితే, తిరిగింది నువ్వు కదా అని ఒప్పుకోలేదు. కానీ లైబ్రరీలో అలమర పక్కనే నిలబడి రెండుసార్లు చదివారు. చదివి, పేజీ నంబరు తన నోట్‌బుక్కులో రాసుకున్నారు. ఆ పుస్తకాలన్నిటిలో ఎన్ని దయ్యాలున్నా, పుట్టిన ఇల్లు నంబరుతో సహా తెలిసిన దయ్యం మాదొక్కటే. భూతం కోసం వెళ్లి వర్తమానం రాయడం నేర్చుకున్నానని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. అది నేర్పింది వరంగల్ రిపోర్టరని చెప్పుకోవడం అంతకన్నా గర్వం.

ఇప్పుడు ఆఫీసులో నా పొరపాటు ఇంకొకరి నెత్తిన పడినప్పుడు ముందు మెయిల్ రాయడానికే చేయి పోతుంది. మెయిల్‌కి మెట్లుండవు కదా. చేయి వెనక్కి తీసుకుని, లేచి, ఆ మనిషి గదికే వెళతాను. లోపలినుంచి ఎవరో తలుపు తీసేదాకా గుండె దడదడలాడుతుంది. తొమ్మిదేళ్లప్పుడు ఎంతో, ఇప్పుడూ అంతే.